ఎంసీబీ పడదు, షాక్ మాత్రం కొడుతుంది

ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. తడి చేత్తో, చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకుంటే ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది. చాలా ఇళ్లలో దీనికి దొరికిన పరిష్కారం ఫ్రిజ్ ముందు ఒక పట్టా వేయడం. కొంచెం పట్టించుకునేవాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తారు. ఆయన టెస్టర్ పెట్టి చూసి, "కొద్దిగా లీకేజీ ఉందండీ, ఏం కాదు. ఏమన్నా అయితే ఎంసీబీ పడిపోతుంది కదా" అని వెళ్లిపోతాడు.

ఆ మాట సగమే నిజం. ఎంసీబీ అంటే పాత ఫ్యూజుల చోట వచ్చిన, కరెంటు మరీ ఎక్కువైతే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చు. ఎంసీబీ పడాల్సిన చోట పడుతుంది. కానీ ఇంట్లో మనిషి షాక్ కొట్టి చనిపోయేటప్పుడు, స్విచ్ బోర్డు మాడి మంట లేచేటప్పుడు చాలాసార్లు అది పడదు. పాడైపోయి పడకపోవడం వేరు. ఇక్కడ అది బాగానే ఉండి కూడా పడదు, ఎందుకంటే దాన్ని చేసింది ఆ పనికి కాదు.

ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరుని. మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పారితే వైరు వేడెక్కి పైనున్న పీవీసీ తొడుగు కరుగుతుంది. కరగకముందే సరఫరా ఆపేయాలి, షార్ట్ సర్క్యూట్ అయితే ఆ క్షణంలోనే ఆపేయాలి. ఇదీ దాని డ్యూటీ. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. ప్రమాణాల ప్రకారం 18 ఆంపియర్లు గంటసేపు పారినా అది పడకూడదు. 23 దాటితే గంటలోపు పడాలి. మన ఇళ్లలో ఎక్కువగా బిగించే 'సీ' రకం ఠక్కున పడాలంటే రేటింగుకి ఐదు నుంచి పది రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్ల దాకా పారాలి.

ఇప్పుడు మనిషి లెక్క చూద్దాం. ఇక్కడ కొలత ఆంపియర్లలో ఉండదు, అందులో వెయ్యో వంతైన మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. సుమారు 1 మిల్లీ ఆంపియర్ దగ్గర కరెంటు తగిలినట్టు తెలుస్తుంది. 10 దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదల్లేని స్థితి వస్తుంది. 30 పైన ఛాతీ మీదుగా కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. తడి ఒంటితో ఉన్న మనిషి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, 230 వోల్టులకి ఒంట్లోంచి పారేది 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలా ఎక్కువ. ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు. పాత 60 వాట్ల బల్బు ఒకటి వెలిగించినా దాదాపు అంతే కరెంటు తీసుకుంటుంది. మనిషి విలవిల్లాడుతుంటే, ఇంట్లో ఎవరో ఒక లైటు వేశారన్నట్టే ఎంసీబీ ఊరుకుంటుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో దేశం మొత్తం మీద విద్యుదాఘాతంతో పోయేవాళ్లు ఏటా పది వేలకు పైనే ఉంటున్నారు. పొలాల్లో మోటార్ల దగ్గర, తెగిపడిన లైన్ల కింద పోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఇంటి పట్టున జరిగే వాటిలో మాత్రం మన పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి అవే నాలుగు పేర్లు కనిపిస్తాయి: కూలరు, వాటర్ హీటరు, నీళ్ల మోటారు, బట్టలారేసే దండెం. నాలుగింటిలోనూ ఇనుము ఉంది, నీళ్లు ఉన్నాయి. ఎర్త్, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే వైరు, ఉండాల్సిన చోట చాలాసార్లు లేదు.

మూడో పిన్ను

మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు బ్రిటన్ నుంచి వచ్చింది. వాళ్లు 1947లో పలకల పిన్నుల 13 ఆంపియర్ల ప్లగ్గుకి మారిపోయారు. మనం పాతదాన్నే ఉంచుకుని ఐఎస్ 1293 అనే భారతీయ ప్రమాణంగా కొనసాగిస్తున్నాం. చిన్నది 6 ఆంపియర్లు, పెద్దది 16 ఆంపియర్లు. షాపుల్లో ఇప్పటికీ ఐదు ఆంప్స్, పదిహేను ఆంప్స్ అనే అడుగుతారు, అవే ఇవి. రెండింటిలోనూ పైనుండే ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఉంటుంది. పొడవు ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర ఊడాలి. లావు ఎందుకంటే పొరపాటున కూడా అది ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) రంధ్రంలోకి దూరకూడదు. సేఫ్టీ షట్టర్ ఉన్న సాకెట్లలో కింది రెండు రంధ్రాల మూత తెరిచేది కూడా ఈ పొడుగు పిన్నే. అందుకే రెండు పిన్నుల ప్లగ్గు దూరక, పై రంధ్రంలో స్క్రూడ్రైవరో పెన్ను రీఫిల్లో గుచ్చి కింద ప్లగ్గు తోసే విద్య ఇంటింటా కనిపిస్తుంది. పిల్లలు కూడా చూసి నేర్చేసుకుంటారు.

రెండు పిన్నులున్నంత మాత్రాన వస్తువు నాసిరకమని కాదు. ఫోన్ ఛార్జర్ వెనక చతురస్రంలో ఇంకో చతురస్రం గీసిన గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్త్ అక్కర్లేదని దానర్థం. తేడా వచ్చేది ఇనుప ఒళ్లున్న వస్తువులతో. గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె, గ్రైండర్, కూలర్, మోటారు వీటికి మూడో వైరు కావాల్సిందే. లోపల ఫేజ్ వైరు తొడుగు ఊడి బాడీకి తగిలితే, ఆ కరెంటు మనిషి కోసం ఎదురుచూడకుండా ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి.

మూడో వైరు లేకపోయినా వస్తువు పనిచేస్తుంది. అసలు చిక్కు ఇదే. ఫేజ్ ఊడితే లైటు వెలగదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) ఊడినా వెలగదు, వెంటనే ఎవరో ఒకరు కేకేస్తారు. ఎర్త్ ఊడితే ఎవరికీ తెలియదు. ఇల్లు కట్టేటప్పుడు కాంట్రాక్టర్ ఆ వైరు మిగుల్చుకున్నా తెలియదు, ఎర్త్ గుంత దగ్గర క్లాంపు తుప్పుపట్టి విడిపోయినా తెలియదు. పాత ఇళ్లలో ఇనుప నీళ్ల పైపుకి ఎర్త్ చుట్టేవాళ్లు. తర్వాత ఎప్పుడో ప్లంబర్ వచ్చి మధ్యలో ప్లాస్టిక్ పైపు ముక్క వేసి పోతాడు, దాంతో ఎర్త్ కూడా పోయినట్టే. ఆ సంగతి ప్లంబర్‌కి తెలిసే అవకాశం లేదు, ఇంటివాళ్లకి అంతకంటే లేదు.

తెలుసుకోవడానికి ఒక చిన్న ఆనవాలు ఉంది. కంప్యూటర్ సీపీయూ క్యాబినెట్టు గానీ, త్రీ పిన్ ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ లోహపు మూత గానీ వేలి వెనక వైపుతో మెల్లగా రాస్తే చిమచిమలాడుతోందంటే, ఆ సాకెట్‌లో ఎర్త్ లేదని గట్టిగా అనుమానించాలి. వాటి పవర్ సప్లైలో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ సరఫరాలో సగం వోల్టేజీ దగ్గర తేలుతూ ఉంటుంది. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి దానివల్ల ప్రమాదం లేదు. అదే సాకెట్‌లో రేపు ఇస్త్రీ పెట్టె పెడతారన్నదే ఆలోచించాల్సిన విషయం.

ఎర్త్ ఉన్నా చాలదు

'మా ఇంట్లో ఎర్త్ గుంత తీయించాం, బొగ్గు, ఉప్పు పోయించాం' అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. మన ఊళ్లలో చాలా ఇళ్లకి స్తంభం నుంచి వచ్చేవి ఫేజ్, న్యూట్రల్ మాత్రమే. ఎర్త్ ఎవరింటి గుంత వాళ్లదే. ఫ్రిజ్ బాడీకి ఫేజ్ తగిలితే కరెంటు మన గుంతలోంచి మట్టిలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఎర్త్ గుండా తిరిగి చేరాలి. మన గుంత నిరోధం 10 ఓములు, అక్కడిది 2 ఓములు అనుకుందాం. 230ని 12తో భాగిస్తే వచ్చేది సుమారు 19 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఈ కరెంటుకి గంటకీ పడకపోవచ్చు. ఈలోపు ఫ్రిజ్ బాడీ మీద ఉండే వోల్టేజీ 19 ఇంటూ 10, అంటే 190. ఎర్త్ ఉంది, ఎంసీబీ ఉంది, రెండూ బాగానే ఉన్నాయి, అయినా ఫ్రిజ్ ముట్టుకుంటే ప్రాణానికి ముప్పే.

పైగా 10 ఓములు అనేది మంచి గుంతకి వచ్చే అంకె. వేసవిలో నేల ఎండిపోయి, రాతి నేలల్లో అయితే మరీనూ, నిరోధం దీనికి ఎన్నో రెట్లు పెరగొచ్చు. గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. అది చాదస్తం కాదు. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, అక్కడినుంచే ఎర్త్ కూడా వైరు మీద ఫ్లాట్ల దాకా తెచ్చిన పెద్ద అపార్ట్‌మెంట్లలో పరిస్థితి మెరుగు. లీకైన కరెంటు మట్టిలోంచి కాక రాగి తీగ మీదే వెనక్కి పోతుంది కాబట్టి భారీగా పారి ఎంసీబీని పడేస్తుంది.

మిగతా ఇళ్లలో ఈ ఖాళీ నింపేది ఆర్‌సీసీబీ. చాలామంది ఇప్పటికీ పాత పేరుతో ఈఎల్‌సీబీ అంటారు. ఇది ఎంత కరెంటు పారుతోందో చూడదు. ఫేజ్‌లో పోయినంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. తేడా వచ్చిందంటే మధ్యలో ఎక్కడో, ఎర్త్ గుండానో మనిషి గుండానో, కరెంటు దారి తప్పిందన్నమాట. 30 మిల్లీ ఆంపియర్ల రకం అయితే తేడా 30కి చేరేసరికి 0.3 సెకన్లలోపు, అంతకు ఐదు రెట్లు ఉంటే 0.04 సెకన్లలోపు కట్ చేయాలని ప్రమాణం. పై లెక్కలో గుంత నిరోధం 10 బదులు 100 ఓములున్నా దీనికి ఇబ్బంది లేదు, ఎందుకంటే దీనికి కావాల్సింది 19 ఆంపియర్లు కాదు, 0.03 మాత్రమే. అమెరికాలో స్నానాల గదుల సాకెట్లకి ఇలాంటి పరికరాన్నే 1975 నుంచి తప్పనిసరి చేశారు. అక్కడ అది 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల మధ్యే పడిపోవాలి. అక్కడుండే తెలుగువాళ్లు బాత్రూమ్‌లో టెస్ట్, రీసెట్ అని రెండు బుల్లి బటన్లున్న సాకెట్‌ని రోజూ చూస్తూనే ఉంటారు, అది ఇదే.

దీన్ని కొనేటప్పుడు ఒక మోసం జరుగుతుంది, కావాలని కాకపోయినా. ఆర్‌సీసీబీలు 100, 300 మిల్లీ ఆంపియర్ల రకాలు కూడా దొరుకుతాయి. అవి ప్రధానంగా అగ్నిప్రమాదాలు ఆపడానికి. మనిషి ప్రాణానికి 30దే కావాలి. మాటిమాటికీ పడిపోతోందని ఇంటివాళ్లు విసుక్కుంటే, దాన్ని తీసేసి 100ది పెట్టి సమస్య తీరిందంటారు. పడటం ఆగింది నిజమే. లీకేజీ అలాగే ఉంది.

మాటిమాటికీ పడటానికి మన దగ్గర చాలాసార్లు కారణం ఇన్వర్టర్. ఇన్వర్టర్ పెట్టేటప్పుడు లైట్లు, ఫ్యాన్ల ఫేజ్ వైర్లను విడదీసి ఇన్వర్టర్‌కి కలుపుతారు. న్యూట్రల్ వైర్లను మాత్రం డీబీలో (ఎంసీబీలుండే డబ్బాలో) పాత చోటే వదిలేస్తారు. ఇన్వర్టర్‌కి వెళ్లే ఫేజ్ ఆర్‌సీసీబీకి ముందునుంచి తీసుకుని, ఆ లైట్ల న్యూట్రల్ ఆర్‌సీసీబీ గుండా తిరిగొస్తే లెక్క కుదరదు. పోయింది ఒక దారిన, వచ్చింది ఇంకో దారిన. లీకేజీ ఏమీ లేకపోయినా ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనుకుని పడిపోతుంది. ఇన్వర్టర్ మీదున్న వాటి న్యూట్రల్‌ని విడిగా ఒక బార్‌కి తీస్తే సరిపోతుంది, గంటో రెండు గంటలో పని. దానికి బదులు ఆర్‌సీసీబీ పైన కింద వైర్లు కలిపి బైపాస్ చేసి పోయేవాళ్లున్నారు. డబ్బాలో అది దర్జాగా కనిపిస్తూనే ఉంటుంది. దాని గుండా ఏమీ పారదు. మీద 'టీ' అని రాసిన బటన్ నెలకోసారి నొక్కి చూడమనేది ఇలాంటివి బయటపడటానికి కూడా. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే పరికరమైనా చచ్చింది, వైరింగైనా తప్పుగా ఉంది. ఈ బటన్ పరీక్షకి ఎర్త్ అక్కర్లేదు, కాబట్టి అది పడినంత మాత్రాన ఇంట్లో ఎర్త్ బాగుందని అనుకోకూడదు.

ఆర్‌సీసీబీకీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది ఆపదు. దాని దృష్టిలో పోయిందంతా తిరిగొచ్చింది, మధ్యలో ఉన్నది మనిషా హీటరా దానికి తెలియదు.

దొంగ ఎర్త్

కొన్ని సాకెట్లు విప్పి చూస్తే ఎర్త్ టెర్మినల్ నుంచి న్యూట్రల్ టెర్మినల్‌కి ఒక అంగుళం వైరు ముక్క కనిపిస్తుంది. ఎర్త్ వైరు లేని ఇంట్లో ఫ్రిజ్ షాక్ కొడుతోందని పిలిస్తే, ఎవరో చేసిపోయిన చిట్కా అది. షాక్ ఆగుతుంది, ఎందుకంటే న్యూట్రల్ మామూలుగా భూమితో దాదాపు సమానంగా ఉంటుంది. మీటర్ పెట్టి చూసినా బాగానే కనిపిస్తుంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వస్తుంది. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య సున్నా వస్తుంది. అయితే నిజమైన ఎర్త్ ఉన్నచోట, ఇంట్లో వస్తువులు నడుస్తుండగా, ఆ రెండింటి మధ్య ఎంతో కొంత, ఒకటి రెండు వోల్టులైనా, సాధారణంగా కనిపిస్తుంది. బరువైన వస్తువు నడుస్తున్నా మీటర్ అచ్చంగా సున్నా చూపిస్తే సాకెట్ విప్పి చూడటం మంచిది.

ఆ అంగుళం ముక్క ఏం చేస్తుందంటే, సాకెట్ వెనకాల ఎక్కడో న్యూట్రల్ తెగిందనుకోండి. డీబీలో స్క్రూ వదులైనా చాలు. ఫేజ్ వస్తువు లోపలి మోటారు గుండా పారి న్యూట్రల్ వైరు దాకా వస్తుంది. అక్కడినుంచి ముందుకు దారి లేదు. లింకు గుండా నేరుగా ఫ్రిజ్ బాడీ మీదికి వచ్చేస్తుంది. వస్తువులో ఏ లోపమూ లేదు, ఇన్సులేషన్ బాగుంది, అయినా ఒళ్లంతా 230 వోల్టులు. వస్తువు ఆగిపోయింది కాబట్టి కరెంటు పోయిందనుకుని తలుపు పట్టుకుంటారు. అసలు ఎర్త్ లేకుండా వదిలేయడం కంటే ఇలా లింకు చేయడం ఎక్కువ ప్రమాదం. ఈ ఒక్క విషయంలో రెండో అభిప్రాయానికి తావు లేదు.

సాకెట్‌లోని రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగిందంటే ఇలా న్యూట్రల్ తెగినట్టే. త్రీ ఫేజ్ సర్వీసుల్లో మెయిన్ న్యూట్రల్ తెగితే వోల్టేజీ 400 దాకా ఎగబాకి టీవీలు, ఫ్రిజ్‌లు ఒక్కసారే కాలిపోతాయి. ఆ అనుభవం మన వీధుల్లో కొత్తది కాదు.

ప్లగ్ టాప్ విప్పి చూస్తే

ఇస్త్రీ పెట్టె వైరు మార్చినా, ప్లగ్ టాప్ కరిగి కొత్తది తెచ్చినా ఇంట్లోనే బిగించుకునేవాళ్లు ఎక్కువ. పని చిన్నదే, తప్పులు చేసే వీలు మాత్రం చాలా ఉంది. మొదటిది రంగులు. వస్తువుతో వచ్చే మెత్తటి త్రీ కోర్ వైరులో గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్, పసుపు చారల ఆకుపచ్చ ఎర్త్. గోడలోంచి వచ్చే వైర్లలో ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌లు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అంటే ప్లగ్గులో న్యూట్రల్ అయిన నీలం, త్రీ ఫేజ్ ఇంట్లో గోడలో ఫేజ్ కావచ్చు. రంగు చూసి నమ్మకూడదు, టెస్టర్ పెట్టాకే నమ్మాలి. (అమెరికా ఇళ్లలో నలుపు ఫేజ్, తెలుపు న్యూట్రల్. సెలవులకొచ్చి సరదాగా స్విచ్ బోర్డు విప్పేవాళ్లు ఇది గుర్తుంచుకుంటే మంచిది.)

ప్లగ్ టాప్ లోపల ఎల్, ఎన్, ఈ అనే అక్షరాలు పోతపోసి ఉంటాయి. ఎల్ ఫేజ్, ఎన్ న్యూట్రల్, ఈ ఎర్త్. సాకెట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే ఎర్త్ పైన, ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉండాలి. చివర్లు ఒలిచేటప్పుడు బ్లేడు గట్టిగా పడితే సన్నటి రాగి పోగులు కొన్ని తెగిపోతాయి. టెర్మినల్‌లో దూరడం లేదని మరికొన్నిటిని కావాలని తెంపేస్తారు. సగం పోగులే మిగిలిన వైరు మీద మొత్తం కరెంటు పారితే అక్కడే వేడి పుడుతుంది. పోగులు మెలిపెట్టి, రెండింతలు మడిచి, స్క్రూ కింద అంతా దూరేలా పెట్టాలి. ఒక్క పోగు బయటికి పొడుచుకొచ్చినా పక్క టెర్మినల్‌కి తగిలేంత ఇరుకు అక్కడ. చివర్లకి సోల్డర్ పెట్టడం నీటుగా కనిపిస్తుంది గానీ స్క్రూ ఒత్తిడికి సోల్డర్ మెల్లమెల్లగా నలిగి, కొన్నాళ్లకి పట్టు వదులవుతుంది.

లోపల ఎర్త్ వైరుని మిగతా రెండింటికంటే కాస్త పొడుగ్గా వదలాలి. ఎవరైనా కాలికి తగిలి వైరు లాగేస్తే ముందు ఫేజ్, న్యూట్రల్ ఊడాలి, ఎర్త్ చివర ఊడాలి. వైరు లోపలికి వచ్చే చోట రెండు స్క్రూల చిన్న బిగింపు ముక్క ఉంటుంది. అది బయటి మందపాటి తొడుగుని పట్టుకోవాలి. చాలా ప్లగ్గుల్లో ఆ ముక్క ఊడి పోయుంటుంది, లేకపోతే లోపలి సన్న వైర్లను పట్టుకుని ఉంటుంది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు వైరు పట్టుకుని లాగే అలవాటున్న ఇంట్లో అలాంటి ప్లగ్గు ఎంతో కాలం నిలవదు.

స్విచ్ ఎప్పుడూ ఫేజ్ వైరు మీదే ఉండాలి. న్యూట్రల్ మీద ఉంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ అలాగే ఉంటుంది. స్విచ్ ఆపాక ఎల్‌ఈడీ బల్బు మసకమసగ్గా వెలుగుతుంటే అందుకు ఇదొక కారణం కావచ్చు. స్విచ్‌లోని ఇండికేటర్ వల్ల, పక్కపక్కనే పోయే పొడుగు వైర్ల వల్ల కూడా అలా జరుగుతుంది కాబట్టి అది చూసి కంగారు పడక్కర్లేదు. బల్బు మార్చేముందు మాత్రం మెయిన్ ఆపాలి.

మాడిన వాసన

ఎంసీబీకి కనపడని రెండో ప్రమాదం వదులు కనెక్షన్. 2000 వాట్ల గీజర్ తీసుకునేది సుమారు 8.7 ఆంపియర్లు. సాకెట్ లోపలి రేకులు సాగిపోయి, పిన్ను సరిగా పట్టక అక్కడ 0.1 ఓము నిరోధం వచ్చిందనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే అక్కడ పుట్టే వేడి ఏడున్నర వాట్లు. వినడానికి తక్కువే. కానీ అది బఠాణీ గింజంత జాగాలో, గాలి ఆడని చోట, రోజూ అరగంట పుడుతుంది. వేడికి రేకు ఇంకా సాగుతుంది, పిన్ను నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. పారే కరెంటు మాత్రం 8.7 దగ్గరే ఉంటుంది, కాబట్టి బోర్డు తగలబడుతున్నా ఎంసీబీకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఆర్‌సీసీబీకీ అంతే.

దీన్ని పట్టుకోవడానికి ఇంట్లో ఉన్న పరికరాలు చెయ్యి, ముక్కు. గీజర్ ఆపి ప్లగ్గు తీసి, పిన్నులు ముట్టుకోకుండా ప్లగ్గు ప్లాస్టిక్ ఒంటిని పట్టుకుంటే గోరువెచ్చగా ఉండొచ్చు గానీ చుర్రుమనకూడదు. ఎవరూ చేపలు వండకపోయినా బోర్డు దగ్గర చేపల వాసన వస్తోందంటే తేలిగ్గా తీసుకోకూడదు. స్విచ్‌లు, సాకెట్లలో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్ మరీ వేడెక్కినప్పుడు వచ్చే వాసన అచ్చం అలాగే ఉంటుంది. రంగు మారిన సాకెట్‌లో కొత్త ప్లగ్గు పెట్టి లాభం లేదు. సాగిన రేకులు కొత్త పిన్నుని కూడా మాడుస్తాయి. రెండూ మార్చాలి.

ఇక్కడే బ్రిటన్ ప్లగ్గుకీ మనదానికీ ఒక తేడా బయటపడుతుంది. వాళ్ల ప్లగ్గు లోపలే చిన్న ఫ్యూజు ఉంటుంది, వస్తువుని బట్టి 3 ఆంపియర్లదో 13దో వేస్తారు. సన్న వైరున్న టేబుల్ ల్యాంపులో ఏదైనా తేడా వస్తే ఆ ఫ్యూజే పోతుంది. మన ప్లగ్గులో ఫ్యూజు లేదు. 6, 16 రెండూ పట్టే కాంబో సాకెట్ వెనక 20 ఆంపియర్ల ఎంసీబీ ఉంటుంది. అందులో అర స్క్వేర్ ఎంఎం వైరున్న నాసిరకం ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి, దానిమీద ఇండక్షన్ స్టవ్వూ కెటిలూ నడిపితే, ముందు కరిగేది ఎక్స్‌టెన్షన్ వైరే. ఎంసీబీ గోడలోని రెండున్నర స్క్వేర్ వైరుని చూసుకుంటోంది, నేల మీదున్న ఈ వైరు దాని బాధ్యతలో లేదు. వేడి పుట్టించే ఏ వస్తువునైనా నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలన్న మాట ఇందుకే. గల్ఫ్ దేశాల నుంచి కరీంనగర్, నిజామాబాద్ వైపు తెచ్చుకునే వస్తువులకి చాలావరకు ఈ పలకల పిన్నుల ప్లగ్గే ఉంటుంది. దాన్ని వదులుగా పట్టే మల్టీ ప్లగ్గులో పెడితే ఎర్త్ తగిలిందో లేదో చెప్పలేం. పెద్ద వస్తువైతే ప్లగ్ టాప్ కోసి 16 ఆంపియర్లది బిగించడమే మేలు. ఫ్యూజు పోతుంది నిజమే, కాకపోతే పట్టు గట్టిగా ఉంటుంది.

తడి చోట్లు

దండెం సంగతి వేరుగా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో ప్లగ్గూ లేదు, స్విచ్చూ లేదు. డాబా మీద ఇనుప తీగ కడతారు. ఒక కొస సర్వీస్ వైరు వచ్చే గొట్టానికో, రేకుల షెడ్డు ఇనుప స్తంభానికో చుడతారు. గాలికి సర్వీస్ వైరు ఆ గొట్టం అంచుకి ఏళ్ల తరబడి ఒరుసుకుని తొడుగు అరిగిపోతుంది. వానాకాలంలో ఒకరోజు తడి బట్టలతో తీగ పట్టుకుంటారు. ఒకరికి షాక్ కొట్టగానే ఇంకొకరు పరుగెత్తుకొచ్చి వాళ్లని పట్టుకుంటారు. వార్తల్లో ఇద్దరు ముగ్గురు పేర్లు కలిసి వచ్చేది అందుకే. సర్వీస్ వైరు మీటరుకి ముందు ఉంటుంది కాబట్టి ఇంట్లోని ఏ ఎంసీబీ, ఏ ఆర్‌సీసీబీ ఇక్కడ అక్కరకు రాదు, మెయిన్ ఆపినా ఫలితం ఉండదు. నైలాన్ తాడు కట్టడం ఒక్కటే మందు. షాక్ కొట్టినవాళ్లని చేత్తో పట్టుకోకుండా, తడిలేని చోట నిలబడి, ఎండు కర్రతో విడదీయాలి. ఆ వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్తంభం వైపు సరఫరా ఆపించడానికి కరెంటు ఆఫీసు నంబరు 1912.

ఇనుప బాడీ కూలర్లకి సొంత ఎర్త్ ఉన్న సాకెట్, ఆర్‌సీసీబీ రెండూ కావాలి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గు తీసేయాలి. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్డుతో నీళ్లు కాగాయో లేదో వేలు పెట్టి చూడటం రోజువారీ అలవాటైపోయింది. రాడ్డు మీది గొట్టం ఎక్కడో సన్నగా చిట్లి ఉంటే ఆ వేలు చాలు.

ఎర్త్ వైరే లేని పాత ఇళ్ల సంగతికొస్తే, గోడలు పగలగొట్టేదాకా ఆగాల్సిన పని లేదు. మొదట మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎర్త్ లేకపోయినా అది పనిచేస్తుంది. కాకపోతే లీకేజీకి మనిషే మొదటి దారి అవుతాడు కాబట్టి ఒక క్షణం షాక్ తగిలాకే పడుతుంది. తర్వాత ఒక కొత్త గుంత. అక్కడినుంచి గోడ మీదుగా ప్లాస్టిక్ పట్టీలో ఆకుపచ్చ వైరు లాగి గీజర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు పాయింట్లకి ఇస్తే సగం పైగా ప్రమాదం తగ్గుతుంది. అద్దె ఇంట్లో అదీ కుదరకపోతే గీజర్‌కి మామూలు స్విచ్ తీయించి ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కట్ చేసే 20 ఆంపియర్ల డీపీ స్విచ్ వేయించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు. నీళ్లు కాగాక దాన్ని ఆపేసి స్నానానికి దిగాలి. ట్యాంకున్న గీజర్‌లో నీళ్లు ఆ కాసేపట్లో చల్లారిపోవు.